ఆవిరికి లొంగిన కొలత

పోయిన వారం కొలబద్దను ఆఫీసు మెట్ల మీద, చేతిలో గొడుగుతో, మొహాన చిరునవ్వుతో వదిలేశాం. ఆ నవ్వుకు కారణం ఉంది. ఆమె కార్యదర్శిగా ఉన్న కమిటీ ఏడేళ్ళుగా రాస్తున్న ప్రమాణం ఆ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఓటింగ్ ముగించుకుని పుస్తకంలోకి ఎక్కబోతోంది. ఆసుపత్రి గోడలో ఆక్సిజన్‌కి ఒక సాకెట్టు, మామూలు గాలికి ఒక సాకెట్టు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని గొట్టం ఇంకోదాంట్లో దూరకుండా ప్లగ్గులు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం అది. మొత్తం నలభై రెండు పేజీలు. అందులో 'గొట్టం' అనాలా 'నాళం' అనాలా అన్న చర్చకే మొదటి ఏడు నెలలూ పోయాయి. చివరికి గొట్టమే గెలిచింది.

ఆ ప్రమాణం త్వరగా రావడం ఆమెకు ఇంటి అవసరం కూడా. ఆడపడుచు నర్సు. అన్నావదినల దగ్గరే ఉంటుంది. ఇరవై నాలుగు రోజుల క్రితం ఆమె డ్యూటీలో ఉండగా, బట్టలు కుట్టే ఒకావిడ ఆక్సిజన్ గొట్టం గాలి సాకెట్టులో ఉన్నట్టు తేలింది. పదకొండు నిమిషాలు అలాగే ఉంది. ఆవిడ బతికింది గానీ ఇంకా కళ్ళు తెరవలేదు. ఆడపడుచు సస్పెండ్ అయింది. సోమవారం పది గంటలకు విచారణ. "పాత ప్లగ్గులు ప్రమాదమని ప్రమాణమే చెబితే తప్పంతా నర్సుదే అనలేం" అని విచారణాధికారి ఎక్కడో నోరు జారాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ ఇల్లు మూడు వారాలుగా ఊపిరి పీలుస్తోంది.

అందుకే కొలబద్ద తొందరపడింది. నెల రోజుల ఓటింగ్‌ని పదిహేను రోజులకు కుదించింది. క్రిములు చావడానికి ఆసుపత్రుల్లో ఆవిరి పడతారు గనక, రెండు వందల సార్లు ఆవిరిలో ఉడికించి చూడాల్సిన ప్లగ్గుని నలభై సార్లు చూస్తే చాలని తన చేత్తోనే ముసాయిదాలో దిద్దింది. ఏడేళ్ళలో మొదటిసారి కమిటీలో ఎవరూ దేనికీ అడ్డు చెప్పలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది.

* * *

కొలబద్ద అన్న పేరు ఆడపడుచు పెట్టిందే. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు వదినగారు కిటికీ తెరల కోసం కిటికీని మూడుసార్లు కొలిచి, మూడు కొలతలూ కలవలేదని నాలుగోసారి కొలిచింది. ఆ పూటే పేరు స్థిరపడింది. ఇంట్లో పుట్టిన ఆ పేరు ఆఫీసుకు ఏ దారిన చేరిందో గానీ, జీతం కాగితం మీద తప్ప అంతటా ఇప్పుడు అదే.

మధ్యాహ్నం రెండు దాటాక ప్రయోగశాల నుంచి కబురొచ్చింది. ప్రయోగశాల అంటే ఆఫీసు కింద నేలమాళిగలో రెండు గదులు, ఒక ఆవిరి యంత్రం, ఆ యంత్రంతో పాతికేళ్ళుగా కాపురం చేస్తున్న ఆవిరి బాబాయ్.

"కూర్చో అమ్మాయ్."

"కూర్చునే టైం లేదు బాబాయ్. నాలుగింటికి ఓటింగ్ అయిపోతుంది. కాగితాలన్నీ సర్దుకోవాలి."

"అందుకే కూర్చోమంటున్నా."

ఆయన తన లంచ్‌బాక్స్ మూత తీశాడు. లోపల దూది పరిచి ఉంది. దూది మీద ఒక తెల్ల ప్లగ్గు, పక్కన ఒక సాకెట్టు. ఆ జాగ్రత్త చూస్తే ఆస్తి పంచడానికి పిలిచాడేమో అనిపిస్తుంది.

"ఇది ఆక్సిజన్ ప్లగ్గు. ఇది గాలి సాకెట్టు. దూర్చు."

"దూరదుగా. దాని పన్ను అడ్డొస్తుంది."

"దూరదని రాసింది నువ్వే కదా. దూర్చి చూడు."

ఆక్సిజన్ ప్లగ్గు నెత్తిన రెండు మిల్లీమీటర్ల పన్ను ఒకటి ఉంటుంది. గాలి సాకెట్టులో ఆ చోట గాడి ఉండదు. ప్రమాణం ప్రాణమంతా ఆ రెండు మిల్లీమీటర్లలోనే ఉంది. కొలబద్ద నొక్కింది. దూరలేదు. హమ్మయ్య అనుకుంది.

"ఇంకాస్త నొక్కమ్మా. వార్డులో నర్సులు నీలా మొహమాటపడుతూ నొక్కరు."

నొక్కింది.

టిక్.

చిన్న చప్పుడే. ఆ చప్పుడు కోసం కమిటీ ఏడాది పైన కష్టపడింది. ప్లగ్గు సరైన చోట కూర్చుందని చేతికీ చెవికీ ఒకేసారి తెలియాలని పన్నెండో క్లాజు. అంత కష్టపడి సాధించిన టిక్కు ఇప్పుడు తప్పు చోట, అంతే శ్రావ్యంగా వినిపించింది. కొలబద్ద ప్లగ్గు పీకి తిప్పి చూసింది.

"ఎన్నో ఉడుకు ఇది?"

"నూట పన్నెండు."

"నలభైకే ఆపెయ్యమని రాశాంగా!"

"మీరు రాయడం ఆపారు. నేను ఉడకబెట్టడం ఆపలేదు. రోజుకు నాలుగు. ఆదివారాలు కూడా వచ్చా. ఇంట్లో మీ పిన్ని యంత్రాన్నే కట్టుకోమంది."

"మరి నిన్ననే చెప్పచ్చుగా బాబాయ్?"

"నిన్న దూరలేదుగా. తొంభై దాటాక పన్ను మెత్తబడ్డం మొదలైంది. దూరకముందే దూరుతుందని చెప్తే మీ కమిటీ నన్ను ఉడకబెట్టేస్తుంది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సినంత మరకేం లేదు దాని మీద. "రిపోర్టు ఇమ్మంటే నేను ఇవ్వలేను అమ్మాయ్. నలభై అడిగారు, నలభైకి ఇచ్చా. మిగతా డెబ్భై రెండూ అడగనివి. అడగని పరీక్షకి రిపోర్టు రాయకూడదని రూలు."

"ఆ రూలు రాసింది కూడా నేనే."

"తెలుసు. ముత్యాల్లాంటి అక్షరాలు."

కొలబద్ద కూర్చుంది. కూర్చోమన్నది ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

కార్యదర్శికి ఓటు లేదు. అభ్యంతరం చెప్పే హక్కు అంతకన్నా లేదు. అభ్యంతరం చెప్పాలంటే సభ్యులు చెప్పాలి. సభ్యులందరూ ఓట్లు వేసేసి ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. మిగిలింది ఒక్క గులాబీరంగు కాగితం, వాడేవాళ్ళ అభ్యంతర పత్రం. ఆ వస్తువును రోజూ చేత్తో వాడేవాళ్ళు ఎవరైనా దాని మీద రాసి, తప్పున్న వస్తువును జతచేసి, ఓటింగ్ ముగిసేలోపు ఇస్తే చాలు, ముసాయిదా మొత్తం వెనక్కి వెళ్తుంది. ఏడేళ్ళలో ఒక్కరూ వాడలేదు. ఆ కాగితాల పుస్తకం కొలబద్ద బల్ల మీద టీ కప్పు కింద ఉంటుంది.

వెనక్కి వెళ్ళడమంటే కొత్త పన్ను, కొత్త అచ్చు, కొత్త పరీక్ష, కొత్త ఓటింగ్. చాలా ఆశగా లెక్కేసినా ఎనిమిది నెలలు. సోమవారానికి ఇంకా మూడు రోజులే ఉంది.

అధ్యక్షుడు గారికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. లంచ్‌బాక్స్ మూత పెట్టి సంచిలో వేసుకుంది. పైకెళ్ళి టీ కప్పు జరిపి ఒక గులాబీ కాగితం చింపింది. గొడుగు బల్ల మీదే మర్చిపోయి ఇంటికి బయలుదేరింది.

ఆఫీసు నుంచి ఇంటికి పదకొండు నిమిషాల నడక. ఎన్నోసార్లు గడియారం పెట్టుకుని కొలిచింది, ఆ అంకె ఎప్పుడూ మారలేదు. మందుల షాపు, చెప్పులు కుట్టే అతని గొడుగు, మూతపడ్డ ఫొటో స్టూడియో, రెండు మలుపులు, ఒక ట్రాఫిక్ లైటు. మందుల షాపు దాటేసరికి రెండు నిమిషాలు. ఫొటో స్టూడియో దగ్గరకి ఆరు. ఈ దారంతా నడిచేంత సేపు ఒక మనిషి ఆక్సిజన్ చాలక మంచం మీద పడి ఉంది. ట్రాఫిక్ లైటు దగ్గర నిలబడ్డప్పుడు ఆ ఆలోచన వచ్చింది. ఆకుపచ్చ లైటు పడినా ఆమె కదల్లేదు. వెనక సైకిలతను బెల్లు కొట్టి, కొట్టి, తిట్టి పోయాడు.

* * *

ఆడపడుచు ముందుగదిలో తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. సోమవారానికి. ఇరవై నాలుగు రోజులుగా ఎవరూ తొడగని యూనిఫాంకి ఇది మూడో ఇస్త్రీ.

"ఏంటి కొలబద్ద వదినా, అప్పుడే వచ్చేశావ్? ఆఫీసు మూసేశారా, నిన్ను తీసేశారా?"

"రెండోది ఇంకా కాలేదు."

"అన్నయ్య ఫోన్ చేశాడు. ఆదివారం రాత్రికల్లా బండి దిగుతాడట. సోమవారం నాతో వస్తానన్నాడు. రైలు గార్డు కదా, పచ్చజెండా ఊపి మరీ పంపిస్తాడట నన్ను." నవ్వింది. ఆ నవ్వులో ఈ మధ్య ఒక పన్ను తక్కువైనట్టు ఉంటోంది. "చెప్పు, అయిపోయిందా? పుస్తకంలోకి ఎక్కిందా?"

"ముందు ఆ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టు."

కొలబద్ద చెప్పింది. బాక్సు తెరిచింది, దూది చూపించింది. చెప్పడం మొదలుపెట్టినప్పుడు కార్యదర్శిలా మొదలుపెట్టింది, క్లాజు నంబర్లతో సహా. మధ్యలోకి వచ్చేసరికి ఆ గొంతు ఎటో పోయింది.

"నలభై చాలని రాసింది నేనేనమ్మా. నీ కోసమని రాశా. త్వరగా రావాలని. ఇప్పుడు ఆపితే ఎనిమిది నెలలు. ఆపకపోతే... ఆపకపోతే తర్వాత సవరణ పెట్టచ్చు. ముందు సోమవారం గడవనీ. సవరణకి ఆర్నెల్లు పడుతుంది. ఈలోపు కాస్త నర్సులు జాగ్రత్తగా..."

ఆగిపోయింది.

"అను వదినా," అంది ఆడపడుచు. "ఫర్వాలేదు. సస్పెన్షన్ కాగితంలో కూడా అదే మాట ఉంది. జాగ్రత్త."

గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది.

"నలభై ఉడుకులంటే మీ లెక్కలో ఎన్నాళ్ళు?"

"తొమ్మిది నెలల పైన. వారానికోసారి ఆవిరి పడతారని."

"ఎవరు చెప్పారు?"

"కంపెనీ తరపున వచ్చే సభ్యుడు."

"ఆయన ఎప్పుడైనా ఆసుపత్రిలో పడుకున్నాడా?" ఆడపడుచు వేళ్ళు మడిచింది. "మా వార్డులో రోజుకి రెండుసార్లు వదినా. నలభై అంటే ఇరవై రోజులు. నీ నూట పన్నెండు అంటే రెండు నెలలు కూడా కాదు. ఏడేళ్ళు కూర్చున్నారు కదా, మీ కమిటీలో ఒక్క నర్సు లేదా?"

"ఒక కుర్చీ వేశాం. ప్రతి సమావేశానికీ ఉత్తరం రాశా. డ్యూటీ ఉందని ఎవరూ రాలేదు."

"కుర్చీ వేశారు పాపం. ఇంట్లో ఒకదాన్ని పెట్టుకుని."

తిట్టినా బాగుండేది. గొట్టమా నాళమా అని ఏడు నెలలు చర్చించిన కమిటీకి, ఆ గొట్టాన్ని రోజుకు ఎన్నిసార్లు ఉడికిస్తారో అడగడానికి తీరిక దొరకలేదు. తనకూ దొరకలేదు. రోజూ ఇదే గదిలో, ఇదే మనిషి ఎదురుగా కూర్చుని ఆ ముసాయిదాలే దిద్దింది.

ఆడపడుచు లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు కిర్రుమంది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో థర్మామీటరు పెట్టుకునే పొడుగాటి డబ్బా ఉంది. మూత తీసి బల్ల మీద బోర్లించింది. తెల్ల ప్లగ్గు ఒకటి దొర్లి, బాబాయ్ ప్లగ్గు పక్కకి వచ్చి ఆగింది.

రెండూ కవలల్లా ఉన్నాయి. అదే తెలుపు, అదే పన్ను, పన్నుకి అదే వంకర.

"ఎక్కడిదిది?"

"ఆ రోజుది. ఆవిడ గొట్టానిది."

ప్లగ్గు దొరకలేదని, పాతరకం ప్లగ్గే అయి ఉంటుందని ఆసుపత్రి నివేదికలో ఉంది. పాత ప్లగ్గుల్ని కొత్త ప్రమాణం తప్పు పడితే నర్సు గట్టెక్కుతుందన్న ఆశకు పునాది ఆ ఒక్క వాక్యమే. కొలబద్ద ప్లగ్గుని వెలుతురు వైపు తిప్పింది. అడుగున చీమల్లాంటి అక్షరాలు. వాటిని చదవడానికి ఆమెకు కళ్ళజోడు అక్కర్లేకపోయింది. 'మూడో ముసాయిదా ప్రకారం.' ఆ మాటలకు ఆ వరసను తానే ఖాయం చేసింది.

"కొత్తది," అంది మెల్లగా. "ఇది మాది. ఇంకా ఓటింగే కాలేదు, మీ ఆసుపత్రికి ఎలా వచ్చింది?"

"మూడు నెలలైంది వచ్చి. కంపెనీవాళ్ళు ఒక పెట్టె ఇచ్చారు, అందరికంటే ముందు మీరే వాడి చూడండని. ఓ పూట క్లాసు కూడా చెప్పారు. ఇక మీరు కళ్ళు మూసుకుని పెట్టచ్చు, తప్పు సాకెట్టులో దూరదు, టిక్కుమంటే సరిగ్గా పడ్డట్టే అన్నారు." ఆడపడుచు గొంతు అప్పటిదాకా బాగానే ఉంది. "నాకు టిక్కుమంది వదినా. నేను విన్నాను. విని, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాను."

కొలబద్ద ఆమె చెయ్యి పట్టుకుంది. చెయ్యి ఇస్త్రీ వేడికి వెచ్చగా ఉంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"డాక్టరు గారు చూశారు, అరిచారు, అందరూ పరిగెత్తుకొచ్చారు. నేను పీకి, గొట్టం నుంచి ఊడదీసి జేబులో వేసుకున్నా. తప్పు చోట దూరని ప్లగ్గుని దూర్చానంటే, బలవంతంగా కుక్కిందంటారు. నమ్ముతారా ఎవరైనా? పాతదే అనుకోనీ అనుకున్నా." తల వంచుకుంది. "ఇంటికొచ్చి అడుగున రాసింది చదివా. నీదని తెలిసింది. ఏడేళ్ళుగా నువ్వు అన్నం కూడా ఆ కాగితాల మీదే పెట్టుకుని తిన్నావు. నువ్వు రాసింది తప్పని నీకు చెప్పడం కంటే, నేను చేసింది తప్పని ఒప్పుకోవడమే తేలికనిపించింది. చెయ్యి నాదేగా."

కొలబద్దకు ఏడుపు రాలేదు. అది కూడా రానంత లోపలికి ఏదో పడిపోయింది. ఇన్ని రోజులుగా ఈ పిల్లను కాపాడటానికి తాను పరుగెత్తింది, ఆ పిల్లను ముంచినదాని వైపే. తొందరలో తగ్గించిన నూట అరవై ఉడుకుల్లోనే ఈ టిక్కు దాక్కుని ఉంది. నిదానంగా గడిపిన ఏడేళ్ళలో అడగని ఒక్క ప్రశ్నలోనూ అదే ఉంది.

"ఆ గులాబీ కాగితం దేనికి?" అంది ఆడపడుచు. అది సంచిలోంచి సగం బయటికి వచ్చి ఉంది.

"ఏం లేదు."

"నీకు అబద్ధం చెప్పడం రాదు వదినా. ముందు కొలుచుకోవాలి." కాగితం లాగి చదివింది. "వాడేవాళ్ళు ఎవరైనా. తప్పున్న వస్తువును జతచేయాలి. అంటే నేను."

"వద్దు. అది జతచేస్తే నువ్వు దాచావని తెలిసిపోతుంది. ఇక సస్పెన్షన్‌తో ఆగదు. వేరే ఎవరినైనా నర్సుని చూస్తా, బాబాయ్ ప్లగ్గు ఇచ్చి..."

"ఇరవై అయిదు నిమిషాల్లో చూస్తావా? బాబాయ్ ప్లగ్గు ఏ మంచం దగ్గరా వాడలేదు. వాడినది ఇదొక్కటే." పెన్ను కోసం చెయ్యి చాపింది. "రాయకపోతే సోమవారం నా ఉద్యోగం నాకు ఉంటుందేమో. ఉండి? వార్డులో ఎనిమిది మంచాలు. ప్రతి టిక్కుకీ చస్తూ బతకాలి నేను. ఆ టిక్కుని నమ్మేవాళ్ళు ఇంకెంతమంది ఉంటారో, వాళ్ళకి చెప్పేవాళ్ళు కూడా ఉండరు. పెన్ను ఇవ్వు."

కొలబద్ద పెన్ను వెంటనే ఇవ్వలేదు. పట్టుకునే ఉంది. ఆడపడుచు ఒక్కో వేలూ విడదీసి తీసుకుంది.

ముత్యాల్లాంటి అక్షరాలేం కావు. పేరు రాసింది. వృత్తి అన్న గడిలో నర్సు అని రాసి తలెత్తింది.

"సస్పెండైన నర్సు అని రాయాలా?"

"గడిలో పట్టదు," అంది కొలబద్ద.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇరవై నాలుగు రోజుల తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి నిజమైన నవ్వు ఒకటి వచ్చింది. ఆట్టే సేపు నిలవలేదు.

సంతకం పూర్తయ్యేసరికి మూడూ నలభై. పదకొండు నిమిషాల నడక. పరుగెత్తితే ఏడు. కొలబద్ద కాగితం మడిచి లేచింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అధ్యక్షుడు గారు.

"సర్, మీకోసమే చేస్తున్నా మధ్యాహ్నం నుంచి..."

"చూశానమ్మా, చూశాను. కంగారు పడకు, నీ పనిమీదే తిరుగుతున్నా!" ఆయన గొంతు పెళ్ళిపెద్దలా ఉంది. "అందరి ఓట్లూ వచ్చేశాయి కదా, ఇంకా నాలుగింటిదాకా దేనికని మూడింటికే మూసేశా. మన ప్రమాణం నెగ్గింది! ఏడేళ్ళమ్మా! నీ ఆడపడుచుకి చెప్పు, సోమవారం తలెత్తుకుని వెళ్ళమని."

"సర్, ఒక అభ్యంతరం..."

"ఇక అభ్యంతరాలు ఎక్కడివి, అన్నీ అయిపోయాయి. నీ సంతకం ఒక్కటే బాకీ. నువ్వు ఆఫీసులో లేవన్నారు. అందుకే కాగితం నేనే తెచ్చేశా. మీ మెట్లు ఎక్కుతున్నా, ఉండు."

ఫోన్ పెట్టేశాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. కొలబద్ద లెక్కపెట్టింది. అలవాటు మరి. ఒక జత కాళ్ళకు ఆ చప్పుళ్ళు ఎక్కువగా ఉన్నాయి.

కాలింగ్ బెల్ మోగింది.

"నేను పెట్టను," అంది కొలబద్ద, ఎవరితోనో. "నా సంతకం నేను పెట్టను."

"తెలుసు వదినా." ఆడపడుచు ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకింది. బల్ల మీది రెండు తెల్ల ప్లగ్గుల్లో అడుగున అక్షరాలున్నది ఎంచి తీసుకుంది. "ఆ బాక్సులో సాకెట్టు తీసి ఉంచు. ఆయన్ని కూర్చోబెట్టి దూర్చమందాం. టిక్కు ఆయన కూడా వినాలి."

వెళ్ళి తలుపు తీసింది.

గుమ్మంలో అధ్యక్షుడు గారు. ఒక చేతిలో ఫైలు, మొహం నిండా నవ్వు. "సోమవారం దాకా దేనికమ్మా, మంచి మాట ఇవాళే చెవిన వెయ్యచ్చని వీరిని కూడా వెంటబెట్టుకొచ్చా," అంటూ పక్కకి జరిగాడు.

వెనక మెట్టు మీద విచారణాధికారి నిలబడి ఉన్నాడు. ఆయన చూపు ఆడపడుచు మొహం మీద ఆగలేదు. తెరిచి ఉన్న అరచేతిలోని తెల్ల ప్లగ్గు మీదకి దిగి, అక్కడే ఆగిపోయింది.